ప్రాయశ్చిత్తమేదీ?

"మరియమ్మకెందుకు మొక్కుతారు? పాపాలు ఫాదరుకెందుకు చెప్పుకుంటారు?" స్టాఫ్‌రూములో నన్నడిగే ప్రశ్నలివి. గుంటూరు మిరప కళ్లాల్లో కాయలేరుతూ జపమాల చెప్పుకున్న మా అమ్మే జవాబు చెప్పుద్ది: మనకోసం కొడుకుని అడగమని తల్లిని వేడతాం, క్షమించేది దేవుడే.

నా ప్రశ్న వేరే. జ్ఞానస్నానం కులాన్ని కడిగిందా? కడిగిందన్నట్టే ఉంది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చి మమ్మల్ని బయటే ఉంచారు. కాయితంలో మేం బీసీ-సీ. ఊరికి మాత్రం మాదిగపల్లే.

మరి గుడి? ఒకే దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే రెడ్డి కథోలికులు మా పల్లెతో వియ్యమందుతారా? శ్రీసభలో దళితులపై వివక్ష ఉందని 2016లో బిషప్పుల సమాఖ్యే ఒప్పుకుంది. 2022లో మన పూల ఆంతోని తొలి దళిత కార్డినల్ అయ్యారు, సంతోషమే. కానీ అయ్యలారా, ఒప్పుకున్న పాపానికి ప్రాయశ్చిత్తం చెయ్యాలని నేర్పింది మీరే. ఒక్క ఎర్రటోపీతో తీరే పాపమా ఇది?