అటెండెంటు అడగకపోతే ఎలా?

సంపాదకులకు,

రోగి బంధువుల ప్రశ్నలతో డాక్టర్ల సమయం వృథా అవుతోందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ఒకటి నిజమే. ఒక్క మంచం చుట్టూ పదిమంది చేరి అదే ప్రశ్న అడిగితే ఎవరికైనా విసుగే. ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. చేయి చేసుకునేవాళ్ల గురించి చెప్పేదేముంది, కేసు పెట్టాల్సిందే.

కానీ అడగడమే తప్పంటే ఎలా? మా అత్తగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. డ్యూటీ మారి వచ్చిన సిస్టర్ ఒళ్లు నొప్పులకని, అలాంటి కిడ్నీలకు పడని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సిద్ధం చేశారు. "సిస్టర్, అమ్మ క్రియాటినిన్ ఒకసారి చూడండి" అని మా ఆడపడుచు అనబట్టి ఆగింది. ఆ సిస్టర్‌ని తప్పుపట్టను. వార్డంతా ఒక్కరి నెత్తిన పెట్టిన యాజమాన్యాన్ని అడగాలి.

కేస్ షీటు జెరాక్సు అడిగితే "కోర్టుకెళ్తారా?" అని ఎదురు ప్రశ్న! రోగిగానీ, రోగి తరఫున అధికారం ఉన్న అటెండెంటుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. చికిత్సలోని ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు వివరించాకే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆ సమ్మతి కూడా, రోగి స్పృహలో ఉంటే, ముందు రోగినే అడగాలి. ఈ విషయంలో డాక్టర్లకన్నా కొడుకులూ అల్లుళ్లే ఎక్కువ దోషులు. వ్యాసకర్త ఆ ఊసే ఎత్తలేదు.

— ఒక పాఠకురాలు, ఏలూరు