గైగర్ కౌంటర్ చూపిన సున్నా
1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ పంపిన స్పుత్నిక్-1 బరువు 83.6 కిలోలు. బ్యాటరీలు అయిపోయేదాకా, అంటే మూడు వారాల పాటు, దాని బీప్ శబ్దాలను ప్రపంచం విన్నది. ఆ రేడియో తరంగాలను బట్టి అయనోస్ఫియర్ గురించి, కక్ష్య కుంగిన తీరును బట్టి పై వాతావరణపు సాంద్రత గురించి కొంత తెలిసిన మాట నిజమే. అయినా అంతరిక్ష విజ్ఞానంలో తొలి పెద్ద ఆవిష్కరణ 1958 జనవరి 31న అమెరికా ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్-1తోనే మొదలైంది. సుమారు 14 కిలోల ఆ ఉపగ్రహంలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ వాన్ అలెన్ బృందం ఒక గైగర్ కౌంటర్ అమర్చింది. కాస్మిక్ కిరణాలను లెక్కపెట్టడం దాని పని. తక్కువ ఎత్తులో లెక్క అనుకున్నట్టే వచ్చింది. పైకి వెళ్లేసరికి మాత్రం సున్నా! పరికరం చెడిపోయిందని సరిపెట్టుకోవడం తేలికే, కానీ ఆ బృందం అలా వదిలేయలేదు. మార్చిలో వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3లో టేపు రికార్డరు ఉండటంతో కక్ష్య పొడవునా లెక్కలు దొరికాయి. అంకె అమాంతం పెరిగి, ఉన్నట్టుండి సున్నాకు పడిపోతోంది. బృందంలోని కార్ల్ మెక్‌ఇల్వైన్ అలాంటి కౌంటర్‌నే ప్రయోగశాలలో ఎక్స్-కిరణాలతో పరీక్షించి, వికిరణం మితిమీరితే అది మూగబోతుందని తేల్చాడు. అంటే సున్నా వచ్చిన చోట వికిరణం చాలా ఎక్కువ. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న విద్యుదావేశ కణాల వలయం అలా బయటపడింది. 1958 మే 1న ఆ సంగతి ప్రకటించారు. అదే నెలలో ఎగిరిన స్పుత్నిక్-3 ఎంతో బరువైనది, పరికరాలూ ఎక్కువే. కానీ దాని టేపు రికార్డరు పనిచేయక, ఆ వలయాన్ని పూర్తిగా కొలిచే అవకాశం చేజారింది. పాఠ్యపుస్తకాలు స్పుత్నిక్‌కు ఇచ్చినంత చోటు వాన్ అలెన్ వలయాలకూ ఇవ్వాలి.