ఏకలవ్యుడికి గంతలెందుకు?



ఈసారి వార్షికోత్సవానికి మనం వేయబోయే ‘ఏకలవ్య’ నాటిక గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. ఏకలవ్యుడి వేషం నాదే కాబట్టి రాసే హక్కు నాకుందనుకుంటున్నా. నాటిక కమిటీ అన్నలు కోపం తెచ్చుకోవద్దు.

విషయం ఏమంటే, కుక్క మొరిగే సీనులో ఏకలవ్యుడు కళ్ళకి నల్లగుడ్డ కట్టుకొని బాణం వేయాలని కమిటీ తీర్మానించింది. గుడ్డ పల్చనిది, నాకు అంతా కనపడుతుంది. బాణం వింటి దగ్గరే ఆగిపోతుంది, తెర వెనకనుంచి ఒకడు దారం లాగితే అట్టకుక్క నోట్లో ఏడు బాణాలు లేస్తాయి. రిహార్సల్‌లో చూసినవాళ్ళంతా ఈలలు వేశారు. నాకూ భలే సరదాగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ రాత్రి పడుకున్నాక మనసు ఒప్పుకోలేదు.

కళ్ళగంతలాట మనందరం ఆడాం. గంతలు కట్టగానే దొంగ ఏం చేస్తాడు? తల పైకెత్తుతాడు. ముక్కు పక్కన సందులోంచి కాళ్ళు కనపడతాయని వాడికి తెలుసు. మేజిక్కుల వాళ్ళదీ చాలాసార్లు ఇదే కిటుకు. ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ అని పేరుపెట్టి, కళ్ళకి గంతలు కట్టినా పిల్లలచేత పుస్తకం చదివిస్తామని మన దేశంలో చాలా ఊళ్ళలో వేలకు వేలు ఫీజులు వసూలు చేశారు. హేతువాదులు వెళ్ళి ఆ ముక్కు సందు సరిగ్గా మూసి చూస్తే పిల్లలు చదవలేకపోయారు.

అది మోసం, కథ మోసం కాదు కదా అంటారు. నిజమే. కథల్లో గంతలు కట్టుకున్నవాడే ఎక్కువ చూస్తాడు, అలాంటి కథ నాకూ ఇష్టమే. మొన్న కంప్యూటర్ రూంలో 1977 నాటి ‘స్టార్ వార్స్’ సినిమా వేశారు గదా. అందులో ముసలి గురువు ల్యూక్ అనే కుర్రాడికి కళ్ళు మూసేసే హెల్మెట్ పెడతాడు. గాలిలో తిరిగే చిన్న గుండు చురుక్కుమనే కాంతి వదులుతుంటుంది, దాన్ని కత్తితో ఆపాలి. కళ్ళతో చూస్తున్నప్పుడు దెబ్బ తిన్నవాడు, కళ్ళు మూశాక కాసేపటికే ఆపేస్తాడు. అందరం చప్పట్లు కొట్టాం. సినిమాలో అది ఒక్క నిమిషం పని. మనకి లెక్కల్లో ఒక చాప్టరు పట్టుబడడానికే నెల పడుతుంది!

మన భారతంలో గాంధారి ఉంది. మొగుడికి లేని చూపు తనకెందుకని పెళ్ళికి ముందే గుడ్డ కట్టుకుంది. యుద్ధం అయ్యాక స్త్రీపర్వంలో, వ్యాసుడి వరం వల్ల, దూరాన ఉన్న కురుక్షేత్రమంతా ఆమెకి కనపడుతుంది. గంతలు కట్టుకొని అంత బాగా చూసిన మనిషి కథల్లో ఇంకొకరు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఏం చూసిందామె? కొడుకుల శవాలు, వాటి మీద పడి ఏడ్చే కోడళ్ళు, చుట్టూ నక్కలు, గద్దలు. అవన్నీ కృష్ణుడికి చూపించి నిలదీస్తుంది. ఆ కథలో గంతలు చప్పట్లకోసం కట్టలేదు. అందుకే ఆ ఘట్టం తెలుగు మాస్టారు చెప్పినప్పుడు క్లాసులో ఒక్కడూ ఈల వేయలేదు.

ఇక మన ఏకలవ్యుడు. ఆదిపర్వంలో గంతల మాటే లేదు. మాస్టారుని అడిగి మరీ రాస్తున్నా. నిషాదుల పిల్లవాడని ద్రోణుడు చదువు చెప్పలేదు. మట్టితో గురువు బొమ్మ చేసుకొని అడవిలో సాధన చేశాడు. కుక్క మొరిగితే దాని నోట్లో ఏడు బాణాలు కొట్టాడు. అది చూసి పాండవులు మెచ్చుకున్నది రెండింటిని: చేతి వేగాన్ని, శబ్దాన్నిబట్టి కొట్టే నేర్పుని. అర్జునుడిదీ అదే దారి. ఒక రాత్రి అన్నం తింటుంటే గాలికి దీపం ఆరిపోయింది. అయినా చెయ్యి నోటికే పోయింది. అలవాటు ఉంటే చీకట్లోనూ పని జరుగుతుందని తెలుసుకొని అప్పటినుంచి రాత్రిళ్ళు విలువిద్య సాధన చేశాడు.

అంటే కథ రాసినాయన సాధన గురించి చెప్పాడు. మనం గుడ్డ కట్టేసరికి సాధన పోయి మాయ మిగులుతుంది. చూసేవాళ్ళు ‘అబ్బ, ఏం మహిమ’ అనుకుంటారు, ‘అబ్బ, ఎన్నేళ్ళు కష్టపడ్డాడో’ అనుకోరు. మన ఆశ్రమ పాఠశాలలో ఆ కుర్రాడి కష్టాన్ని మనమే మాయం చేస్తే ఎలా? వేలు అడిగిన గురువు ఒక్కడు చాలడా?

మా తాత జొన్న చేలో మంచె మీద రాత్రిళ్ళు కాపలా పడుకుంటాడు. అమావాస్య రాత్రి ఎండుటాకుల చప్పుడు వినగానే పందా, పశువా, మనిషా చెప్పేస్తాడు. డప్పు ఎటువైపు తిరిగి కొట్టాలో కూడా తెలుసు. ఎలా తెలుస్తుంది తాతా అంటే, “నీ ఈడునుంచి ఇక్కడే పడుకుంటన్నా గదరా” అన్నాడు. అంతే. ఆయన కళ్ళకి ఏ గుడ్డా కట్టుకోడు, రెండు కళ్ళూ బాగా తెరిచే ఉంచుతాడు.

సైన్సు సారు ఒక సంగతి చెప్పారు. అమెరికాలో బోస్టన్‌లో శాస్త్రవేత్తలు, చూపు బాగా ఉన్న కొందరికి ఐదు రోజులపాటు రాత్రింబగళ్ళు గంతలు కట్టి, రోజూ బ్రెయిలీ నేర్పించారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మెదడులో చూపుకోసం ఉండే భాగం వేలి స్పర్శకి స్పందించడం మొదలుపెట్టిందట. గంతలు విప్పిన ఒక్క రోజుకే అది పోయిందట. అంటే మెదడులో మార్పు రావడం నిజమే. కానీ ఐదు రోజులు కట్టుకొని కూర్చోవాలి, నేర్చుకుంటూ ఉండాలి.

ఇప్పుడు రాయడానికి సిగ్గుపడే సంగతి. మన హాస్టల్లో ఏడో తరగతి తమ్ముడు ఒకడున్నాడు. ఒక కన్ను కనపడదు, రెండోది వెలుగు చీకటి మాత్రం తెలుస్తుంది. పేరు రాయను, అందరికీ తెలుసు. ఆ సినిమా చూసిన మర్నాడు మేము నలుగురం వాడిమీద చింతగింజలు విసిరాం. ఒడుపుగా తప్పించుకుంటాడేమో, పట్టుకుంటాడేమో చూద్దామని. ఒక్కటీ తప్పించుకోలేదు. ఒకటి చెవిమీద తగిలింది. వాడు ఏడవలేదు. “అన్నా, మీరు నవ్వడం ఆపి విసిరితే వినపడుద్ది” అన్నాడు.

అప్పటినుంచి వాణ్ణి గమనిస్తున్నాను. చెప్పుల చప్పుడునిబట్టి మనలో సగం మందిని గుర్తుపడతాడు. బావి దగ్గర బకెట్ ఎంత నిండిందో నీళ్ళ చప్పుడుకి చెబుతాడు. అదే వాడు మెస్సులో కంచాల మోత మొదలైతే నీళ్ళ డ్రమ్ము ఎటుందో తెలియక నిలబడిపోతాడు. వరండాలో మన ట్రంకు పెట్టెలు ఇవాళ ఒకచోట, రేపు ఒకచోట. వాడి మోకాళ్ళు చూడండి, మీకే తెలుస్తుంది. కథలో గంతల వీరుడికి వరండాలో ట్రంకు పెట్టె అడ్డం రాదు.

గోల్‌బాల్ అని ఒక ఆట ఉంది. 1946లో, యుద్ధంలో చూపు పోయిన సైనికులకోసం మొదలైంది, 1976నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. బంతిలో గజ్జెలుంటాయి. కొంచెం చూపున్నవాళ్ళకి లాభం రాకూడదని ఆటగాళ్ళందరికీ గంతలు కడతారు. ఆట నడుస్తున్నంతసేపు ప్రేక్షకులు నోరెత్తకూడదు. గోల్ పడ్డాకే అరవాలి. గంతలు ఆడేవాళ్ళకి కట్టినా నియమం మాత్రం చూసేవాళ్ళకి కూడా పెట్టారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

కాబట్టి వార్డెన్ సారుని కోరేది ఏమనగా, ట్రంకు పెట్టెలు గోడవారగా ఒకే వరసలో ఉండేట్టు ఆర్డరు వేయాలి. మెస్సులో వాడికి డ్రమ్ము పక్కనే చోటు ఇవ్వాలి. అది వాడు అడగలేదు, నేను అడుగుతున్నాను.

నాటిక కమిటీకి నా మాట: ఆ సీనులో గుడ్డ వద్దు. దానికి బదులు స్టేజీ మీద లైట్లన్నీ ఆర్పేద్దాం. హాలు చివరినుంచి కుక్క మొరగాలి. నేను అటు తిరగాలి. నిశ్శబ్దంగా ఉంటే వింటినారి చప్పుడు చివరి బెంచీదాకా వినపడుతుంది, నేను చూశాను. ఈలలు రాకపోతే పోనీండి. ఒప్పుకోకపోతే శనివారం మీటింగులో చేతులెత్తించి ఓటు పెట్టండి, ఓడిపోతే గుడ్డ కట్టుకుంటాను.

కుక్క మొరుగుడు ఆ తమ్ముడే చేస్తానన్నాడు. నిన్న రాత్రి డార్మిటరీలో ఒకసారి చేసి చూపించాడు. వాచ్‌మన్ తాత టార్చీ, కర్రా పట్టుకొని వచ్చి మంచాల కింద అంతా వెతికాడు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి