ఆ బాల్కనీ ఎవరు కడిగిండ్రు?

ఈ మధ్య ఆడవాళ్ల మీద ఏ నవల తెరిచినా దాదాపు ఒకటే కథ. మొగుడు మోసం చేస్తడు, లేకపోతే చచ్చిపోతడు, అదీ కాకపోతే విడాకుల నోటీసు పంపుతడు. ఆమె కొన్నాళ్లు ఏడుస్తది. తర్వాత పెట్టె సర్దుకుని పట్నమొచ్చి గది అద్దెకు తీసుకుంటది. ఆగిపోయిన సంగీతమో చదువో మళ్లీ మొదలుపెడతది. ఆఖరి అధ్యాయంలో బాల్కనీలో నిలబడి కాఫీ తాగుతది. కొత్త జీవితం!

మంచిదే. ఏ ఆడమనిషి దెబ్బల్లోంచి బయటపడ్డా మాకు సంతోషమే. నేనూ ఇట్లాంటివి వదలకుండా చదివినదాన్నే. 1987లో వచ్చిన ఓల్గా ‘స్వేచ్ఛ’ చేతికొచ్చినప్పుడు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. సంసారం గడప దాటి ఆడది తన కాళ్ల మీద తను నడవొచ్చని రాయడానికి ఆ రోజుల్లో గుండె కావాలె. అది కాదనేటోళ్లం కాదు.

కానీ ఒక్క ప్రశ్న. ఆ బాల్కనీ ఎవరు కడిగిండ్రు?

కడిగినామెకు నవలలో పేరుండదు. ‘పనిమనిషి వచ్చింది’, ‘పనిమనిషి రాలేదు’ - గంతే. దయగల రచయిత్రులు కొందరు ఇంకో అడుగు ముందుకేస్తరు. పనిమనిషి వీపు మీద మొగుడు కొట్టిన వాతలు చూపిస్తరు. అవి చూసి కథానాయికకు తన దుఃఖం అర్థమైతది. అంటే మా అమ్మల వాతలు గూడా వాళ్ల జ్ఞానోదయానికే పనికొచ్చినయన్నమాట! ఆమె ఎనిమిదింటికి ఆఫీసుకు పోవాలంటే ఈమె ఐదింటికే బస్తీలో లేవాలె. ఆ రెండో జీవితం ఈమె నడుము మీద లేచి నిలబడ్డది.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిండు. ఆడదాని రెండో అవకాశం లెక్క మన సాహిత్య పండితులు అక్కడ్నుంచే మొదలుపెడతరు. పసిపిల్లలకు గుండు గీయించి మూలన కూసోబెట్టిన దుర్మార్గం మీద ఆయన కొట్లాడిండు, నిజమే. అయితే అది ఎవరింటి రోగం? మా వాడల్లో మారుమనువు ఎప్పట్నుంచో ఉంది. మా పెద్దమ్మకు ఇరవై రెండేళ్లకే మొగుడు పోయిండు. ఏడాది తిరక్కముందే కులపెద్దలు కూసుని మారుమనువు చేసిండ్రు. ఎవరూ ముక్కున వేలేసుకోలే.

మరి పెద్దమ్మ బతుకు బాగుపడ్డదా? మొగుడు మారిండు, దొర మారలే. అదే పొలం, అదే నాటు, అదే కలుపు. మగోనికి ఇచ్చే కూలిలో సగం. మొదటాయన చేసిన అప్పు గూడా ఆమె వెంటే రెండో ఇంటికొచ్చింది. రెండో ఆయనా తాగొచ్చి కొట్టిండు. మన మగవాళ్లు గూడా ఈ పేజీ చదువుతరు కాబట్టి ఆ మాట దాచకుండా రాస్తున్న.

ఇగ జోగిని సంగతి. దేవుని పేరు మీద ఊరికి వదిలేసే ఈ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. పెళ్లే లేని మనిషికి విడాకులేంది, రెండో పెళ్లేంది? ఆమెకు కావాల్సింది ఎకరం భూమి, బడిలో పిల్లగాని తండ్రి పేరు అడగని పంతులు. ఇది ‘కొత్త జీవితం’ నవలకు సరుకు కాదా?

‘మరి మీరే రాయొచ్చు గదా’ అంటరు. రాసిండ్రు. మరాఠీలో బేబీ కాంబ్లే తను రాసిన కాగితాలను ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఏండ్ల తరబడి దాచుకున్నది. ఊర్మిళా పవార్ ‘ఆయదాన్’ 2003లో వచ్చింది. తండ్రి పోయినంక తల్లి వెదురు బుట్టలల్లి పిల్లల్ని సాకిన కథ అందులో ఉంది. తమిళంలో బామ కాన్వెంటు వదిలేసి బయటికొచ్చి 1992లో ‘కరుక్కు’ తెచ్చింది. మన దగ్గర గోగు శ్యామల, జూపాక సుభద్ర, వినోదిని కథలున్నయి. ఎక్కువగా ఆత్మకథలు, కథలు, కవితలే ఎందుకంటే, నవలకు తీరిక కావాలె. కూలికి పోయొచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లల్ని పండబెట్టినంక మిగిలిన పొద్దులో ఎన్ని పేజీలైతయి?

మా పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, హైదరాబాద్‌లో నాలుగు ఇండ్లల్ల పనిచేస్తది. మొగుణ్ని వదిలేసి ఇద్దరు పిల్లలతో వచ్చింది. మొన్న అక్క దగ్గరికి పోయినప్పుడు అట్లాంటి నవల ఒకటి కథ మొత్తం చెప్పిన. శ్రద్ధగా విన్నది. మొగుణ్ని వదిలేసే కాడ ‘మంచి పని చేసింది’ అన్నది. గది అద్దెకు తీసుకునే కాడ మాత్రం నన్ను ఆపింది.

“అవ్ గానీ చెల్లే, అడ్వాన్సు పైసలు యాడికెళ్లి తెచ్చిందే ఆమె? ఇంటి ఓనరు మీరేమిట్లని అడగలేదా?”

ఇంటికొచ్చి ఆ పేజీలు మళ్లీ తిరగేసి చూసిన. అడగలేదు. తాళం చేతిలో పెట్టి, నీళ్లు పొద్దున ఆరింటికి వస్తయని చెప్పి వెళ్లిపోయిండు.