చంపానేర్ పదకొండుగురు, మా వీధి పన్నెండోవాడు

గెలిచే జట్టుకి అభిమానులుంటారు. గెలవబోయే జట్టుకీ ఉంటారు. ఎప్పుడూ ఓడిపోయే జట్టుకి కూడా, పాపం, ఇంట్లోవాళ్ళయినా ఉంటారు. కానీ భూమ్మీద పుట్టని ఆటగాళ్ళకి, జన్మలో ఒకే ఒక్క మ్యాచి ఆడిన టీముకి ఇరవై ఏళ్ళు దాటినా ఈలలేసే వాళ్ళున్నారంటే నమ్ముతారా? ఉన్నారు మహాశయా! అందులో మీ ఈ కాలమిస్టు ఒకడు. ఆ జట్టు చంపానేర్ జట్టు. 2001 జూన్ 15న విడుదలైన ‘లగాన్’ సినిమాలో తప్ప ఇంకెక్కడా కనబడదు.

కథ మీకు తెలిసిందే. 1893. వానల్లేవు, పంటల్లేవు. శిస్తు మాత్రం ఉంది. కెప్టెన్ రస్సెల్ అనే తెల్లదొర పందెం వేస్తాడు. ‘మా ఆటలో మమ్మల్ని ఓడిస్తే మూడేళ్ళు శిస్తు మాఫీ. ఓడిపోతే మూడింతలు కట్టండి’ అంటాడు. మన భువన్ (ఆమిర్ ఖాన్) ఆ ఆటని చూసి, ‘ఓస్, ఇదేగా, మన గిల్లీదండా!’ అనేస్తాడు. కోస్తా వాళ్ళయితే బిళ్ళంగోడు అనుకోండి, తెలంగాణ వాళ్ళయితే చిర్రగోనె అనుకోండి. మొత్తానికి ఊరి మెడకి ఉచ్చు బిగిసింది.

ఇక జట్టు సంగతి చూడండి. ఇలాంటి సెలక్షను ఏ క్రికెట్ బోర్డూ చేసి ఉండదు. భూరా కోళ్ళు పెంచుకునేవాడు. పారిపోయే కోడిని పట్టేవాడికి బంతి ఒక లెక్కా? ఫీల్డరయ్యాడు. గోలీ వడిసెల తిప్పి పిట్టల్ని తోలేవాడు. చెయ్యి గిరగిరా తిప్పి వాడు బంతి వదిలేసరికి, అది ఎప్పుడొస్తుందో తెల్లవాళ్ళకి అంతు చిక్కదు. గురన్ జోస్యం చెప్పేవాడు, సగం పిచ్చివాడు. అతను బ్యాటు పట్టుకునే తీరు చూసి ఇంగ్లీషువాళ్ళకి ఏ పుస్తకం తిరగెయ్యాలో పాలుపోలేదు. బాఘా మూగవాడు, డప్పు వాయించేవాడు. డప్పుని బాదిన చెయ్యి బంతిని బాదలేదా? ఇక వైద్యుడు ఈశ్వర్ వికెట్ల వెనక నిలబడ్డాడు. ఇస్మాయిల్ కుమ్మరి, అర్జన్ కమ్మరి, లాఖా కట్టెలు కొట్టేవాడు, దేవా మాజీ సిపాయి. ఆ జట్టులో దాదాపు ఎవడికీ ఆట రాదు. ఎవడి పని వాడికి వచ్చు, అంతే!

అన్నట్టు ఆ దేవాని గుర్తుపట్టారా? ప్రదీప్ రావత్. మూడేళ్ళ తరవాత, 2004లో, రాజమౌళి ‘సై’లో భిక్షు యాదవ్‌గా మనందరికీ వణుకు పుట్టించిన ఆసామీ. అక్కడా ఆటే, కాకపోతే రగ్బీ. చంపానేర్‌లో ఊరి భూముల శిస్తు తప్పించడానికి బౌలింగు చేసిన చెయ్యే, ఇక్కడికొచ్చేసరికి కాలేజీ భూమిని కబ్జా చెయ్యడానికి చాచింది! బదిలీ అంటే ఇలా ఉండాలి.

ఈ జట్టు అభిమానుల్లో పండితులూ ఉన్నారు. వాళ్ళతో కూర్చుంటే తెల్లారిపోతుంది. ‘గురూ, 1893లో ఇంగ్లీషువాళ్ళ రూల్సు ప్రకారం ఓవరుకి అయిదే బంతులు. ఆరు బంతులొచ్చింది 1900లో. మరి సినిమాలో ఆరేశారేంటి?’ అంటాడొకడు. ‘అది కాదు బ్రదర్, ఆ రోజుల్లో బంతి మైదానమే దాటిపోతే గానీ సిక్సరు ఇచ్చేవారు కాదు, బౌండరీ దాటితే చాలన్న లెక్క 1910 ప్రాంతంలో వచ్చింది. భువన్ ఆఖరి సిక్సరు చెల్లదు, శిస్తు కట్టాల్సిందే!’ అంటాడింకొకడు. వీళ్ళని రస్సెల్ దొర చూసి ఉంటే అప్పుడే జీతమిచ్చి పెట్టుకునేవాడు.

ఫిక్సింగు కూడా ఉందండోయ్. గౌరి మీద మనసుపడ్డ లాఖా, భువన్ మీద కుళ్ళుతో దొరకి ఉప్పందిస్తాడు, చేతిలో పడ్డ క్యాచి జారవిడుస్తాడు. తమాషా ఏమిటంటే, 2000లో ఈ సినిమా షూటింగు సాగుతుండగానే ఏప్రిల్‌లో హన్సీ క్రోనియే వ్యవహారం బయటపడింది. దేశమంతా క్రికెట్టంటే మొహం చిట్లించిన రోజులవి. మళ్ళీ 2001 మార్చిలో మన లక్ష్మణ్ కలకత్తాలో 281 కొట్టి ఆ మొహాల్ని విప్పాడు. మూడు నెలలకి చంపానేర్ జట్టు దిగింది. ముహూర్తమంటే అదీ!

ఆడింది ఒకే మ్యాచి అన్నాను కదూ? రెండో మ్యాచి కూడా ఉంది లెండి. 2002 మార్చిలో, లాస్ ఏంజిలెస్‌లో. ఆస్కారు పోటీలో ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అనే బోస్నియా సినిమా చేతిలో ఓడిపోయారు. అక్కడ నోబాలు ఇచ్చే అంపైరు దొరకలేదు కాబోలు.

తెర మీద ఆ మ్యాచి చూడ్డానికొచ్చిన జనాన్ని గమనించారా? వాళ్ళు బొంబాయి నుంచి లారీల్లో దిగిన ఎక్స్‌ట్రాలు కారు. షూటింగు జరిగింది గుజరాత్‌లో, భుజ్ దగ్గర కునారియా అనే పల్లె పక్కన. దాదాపు పదివేల మంది కచ్ జనం ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత 2001 జనవరి 26న భూకంపం వచ్చి ఆ ప్రాంతాన్నే కూల్చేసింది. జూన్‌లో బొమ్మ పడేసరికి తెర మీద ఆ జనం నవ్వుతూనే ఉన్నారు. ఇది తెలిశాక ఆ సీను నేను వెనకటిలా చూడలేకపోయాను.

ఇక అసలు సంగతి. ఈ జట్టులో పదకొండోవాడు కచరా. కచరా అంటే ఏమిటో హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు. చెత్త! ఒక చెయ్యి అవిటి, పైగా అంటరానివాడు. ఊరి బయట నిలబడి చూస్తుంటే బంతి వచ్చి అతని దగ్గర పడుతుంది. ఇటు విసరమంటే విసురుతాడు. అది గింగిరాలు తిరుగుతుంది. భువన్ కళ్ళు మెరుస్తాయి. మిగతావాళ్ళు మాత్రం ‘వాణ్ణి ముట్టుకుని మేం ఆడం’ అంటారు. మూడింతల శిస్తు నెత్తిమీదుంది. అయినా సరే! అంతవరకూ మనం ముద్దుగా నవ్వుకున్న ఆ అమాయకులే ఆ మాట అన్నారు. దొర పెట్టిన గీత మీద తిరగబడ్డవాళ్ళకి, తాము గీసిన గీత గీతలాగే కనబడలేదు.

అప్పుడు నాకు పదేళ్ళు. సికింద్రాబాదులో ఒక హాల్లో మా బాబాయి తీసుకెళ్ళి చూపించాడు. మూడు గంటల నలభై నిమిషాలు దాటిన సినిమా. కచరా వరసగా మూడో వికెట్టు తియ్యగానే నేను సీటెక్కి గంతులేశాను. మా వీధి టీము మొత్తం ఆ వారంలో ఆ సినిమా చూసేసింది.

మా వీధి టీముకి నేను స్కోరరుని. ఆట రాదు, చేతిరాత బాగుంటుంది. వీధి చివర రేకుల షెడ్డులో ఉండే ఒక కుర్రాడు రోజూ వచ్చేవాడు. ఒక కాలు ఈడ్చి నడిచేవాడు. మోరీలో బంతి పడితే తియ్యడం వాడి పని. ‘ఆఖర్న నీకో ఓవరిస్తాం రా’ అనేవాళ్ళం. ఆఖరు వచ్చేసరికి రోజూ చీకటి పడేది.

సినిమా చూసిన మర్నాడు అందరం కచరాలాగా చెయ్యి వంకర పెట్టి బౌలింగు చేస్తున్నాం. బంతి మోరీలో పడింది. ‘అరే, బాల్!’ అని అందరం ఒకేసారి అరిచాం. వాడు దిగి తీశాడు. చొక్కాకి తుడిచాడు. విసరలేదు. ‘కచరా ఆడిండంట గదా. నాకెప్పుడిస్తరు?’ అన్నాడు.

‘నువ్వు సినిమా చూశావా?’ అని అడిగాడు మా కెప్టెను.

‘లే. మీరు చెప్పుకుంటుంటే విన్న.’

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి కెప్టెను ‘రేపు’ అన్నాడు. మర్నాడు వాన. ఆ తర్వాత ఏదో పరీక్ష. దసరాకల్లా వాళ్ళు ఆ షెడ్డు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నా స్కోరు పుస్తకంలో వాడి పేరు రాయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెన్ను నా చేతిలోనే ఉంది. రాయలేదు.

అందుకే అంటాను, ఆ జట్టుకి అభిమాని కావడం హాల్లో చాలా తేలిక. ఇంటికొచ్చాకే కష్టం. భువన్ ఆ రోజు ఒప్పించాల్సి వచ్చింది రస్సెల్ దొరని కాదు, సొంత ఊరిని. ఊరు మారాకే జట్టు పూర్తయింది. మేం మారలేదు. ఈలలు మాత్రం గట్టిగానే వేశాం.

ఈ కాలమ్ చదివే కుర్రాళ్ళలో వీధి టీములున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఈ ఆదివారం ఆడేటప్పుడు గీత బయట ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూడండి. చీకటి పడకముందే ఒక ఓవరివ్వండి. అన్నట్టు, ఇచ్చేది పాత బంతే ఇవ్వండి. కొత్త బంతితో కచరాకి కూడా స్పిన్ను పడలేదు, గుర్తుందిగా!

వచ్చే వారం కలుద్దాం.