సెల్‌ఫోన్ టవర్ నేర్పే పాఠం

నేటి యుగం సమాచార విప్లవ యుగం. నిమ్మతోటల్లో కూలికి వెళ్లే అమ్మ చేతిలో కూడా సెల్‌ఫోన్ ఉంది. కానీ మన మాటను మోసుకెళ్లే రేడియో తరంగాలు కొలత పెట్టి పంచుకోవలసినంత తక్కువని మనలో ఎందరికి తెలుసు?

మన దేశంలో 2జీ రోజుల్లో ఒక జీఎస్ఎం కంపెనీకి మొదట ఇచ్చిన స్పెక్ట్రమ్ పోను 4.4, రాను 4.4 మెగాహెర్ట్జ్. ఒక్కో చానల్‌కు 200 కిలోహెర్ట్జ్ చొప్పున లెక్కకు 22 చానళ్లు. ఒక్కోదాన్ని ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటే 176 వంతులు. వాటిలో కొన్ని టవర్ సొంత పనులకే పోతాయి. మరి లక్షల మంది ఎలా మాట్లాడుకున్నారు? ప్రాంతాన్ని చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టారు. పక్కపక్క సెల్స్‌కు వేరు వేరు చానళ్లు ఇచ్చి, దూరపు సెల్‌లో అవే చానళ్లను మళ్లీ వాడారు. మన గదిలోనే ఇంకొకరు గట్టిగా చదివితే మనకు ఇబ్బంది. పక్క వీధి హాస్టల్లో చదివితే మనకేమిటి? అదే సూత్రం. ఈ ఆలోచన 1947లోనే అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పుట్టింది.

ఇక్కడే అసలు చిక్కు. మన గూడూరు జంక్షన్ నుంచి వెంకటగిరి మీదుగా రేణిగుంట వెళ్లే రైల్లో ఒకతను ఇంటికి ఫోన్ చేస్తూ కూర్చున్నాడు. ఒక టవర్ వెనకబడుతుంది, ముందు టవర్ అతని మాటను అందుకోవాలి. అక్కడ చానళ్లన్నీ నిండి ఉంటే మాట మధ్యలో తెగిపోతుంది. కొత్తగా ఫోన్ కలవకపోతే మళ్లీ ప్రయత్నిస్తాం. మాట్లాడుతుండగా తెగితే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే సాగుతున్న మాట కోసం కొన్ని చానళ్లను విడిగా ఉంచే పద్ధతిని 1986లో హాంగ్, రాపాపోర్ట్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చూపారు. వీటిని గార్డ్ చానళ్లంటారు. 4జీ, 5జీలలో చానళ్లు పంచే తీరు మారినా, సాగుతున్న మాటను తెగనివ్వకూడదన్న నియమం మారలేదు.

పైకి చూస్తే అవి ఖాళీ చానళ్లు. వృథా అనిపిస్తాయి. కానీ ఏ ఇంజినీరూ వాటిని వృథా అనడు.

మన హాస్టల్ సీటు కూడా అలాంటిదేనని నా అభిప్రాయం. చిల్లకూరు, కోట, సైదాపురం వైపు పల్లెల్లో ఐదో తరగతి దాకా సాగిన చదువు, పై తరగతికి పట్నం వచ్చేసరికి తెగిపోకూడదు. పనులకు వలస వెళ్లిన తల్లిదండ్రులతో పోయి, బడులు తెరిచాక ఆలస్యంగా వచ్చే పిల్లలున్నారు. జూన్‌లో సీట్లు ఖాళీగా కనిపించాయని తగ్గించేస్తే, తర్వాత వచ్చే పిల్లవాడు ఎక్కడికి పోవాలి? తిరిగి పశువుల వెంటే గదా!

గార్డ్ చానళ్లు మరీ ఎక్కువైతే కొత్త కాల్స్ కలవవన్న మాట నిజమే. అందుకే ఎన్ని ఉంచాలో రద్దీని లెక్కించి నిర్ణయిస్తారు. మనమూ అలాగే చేద్దాం. గత ఏళ్లలో మధ్యలో వచ్చి చేరినవారెందరో రిజిస్టర్ చూసి, అన్ని సీట్లు దసరా దాకా అట్టే పెట్టమని అధికారులను కోరదాం.

ఎంత నిండిందన్నదొక్కటే సమర్థత కాదు. ఎవరి మాటా మధ్యలో తెగకపోవడమే సమర్థత. టవర్‌కు తెలిసిన ఈ న్యాయం మనుషులకు తెలియకపోతే ఎలా? ఆలోచించండి!