మన బాల్కనీలో భోజనం ఎవరికి?

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ మూడో అంతస్తులో నలుగురం డబ్బులు వేసుకుని ఆన్‌లైన్‌లో ఒక బర్డ్ ఫీడర్ కొన్నాం. ప్లాస్టిక్ డబ్బా, దాని కింద వెడల్పాటి పళ్లెం. జొన్నలు, గోధుమలు కలిపి పోసి, పిచ్చుకలు వస్తాయని ఎదురుచూశాం. వారం తిరిగేసరికి బాల్కనీ నిండా పావురాలే! ఆరేసిన బట్టల మీద రెట్టలు. పక్క రూమ్‌లో ఆస్తమా ఉన్న ఫ్రెండ్ కిటికీ తెరవడమే మానేశాడు. ఆఖరికి వార్డెన్ గారు నోటీసు పెట్టారు: హాస్టల్‌లో పక్షులకు తిండి పెట్టకూడదు.

అందరూ ఆయన్ని తిట్టుకున్నారు. నాకు మాత్రం ఆ నోటీసులో సగం న్యాయం ఉందనిపిస్తుంది. పక్షులకు పెట్టడం తప్పేం కాదు. ఎందులో పెట్టాం, ఏం పెట్టాం అన్నది ఆలోచించకపోవడమే మా తప్పు.

పావురం బరువైన పక్షి. దానికి కాళ్లు ఆనించి నిలబడే చోటు కావాలి. వెడల్పు పళ్లెంలో పెద్ద గింజలు పోశామంటే దాన్ని పిలిచినట్టే. పిచ్చుక అలా కాదు, ఊగుతున్న కంకిని పట్టుకుని వేలాడుతూ గింజ ఒలుచుకు తినగలదు. ఈ సంగతి మన పెద్దవాళ్లకి ఎప్పుడో తెలుసు. కోనసీమలో మా అమ్మమ్మ వాళ్లింట్లో కోతలప్పుడు వరి కంకుల్ని కుచ్చుగా కట్టి వసారా చూరుకి వేలాడదీసేవారు. చిన్నప్పుడు నేను అది డెకరేషన్ అనుకునేవాణ్ణి. అదే అసలైన ఫీడర్ అని పావురాల దెబ్బ తిన్నాకే అర్థమైంది. రెయిలింగ్‌కి, గోడకి దూరంగా కడితే పావురానికి అందదు. గింజలైపోయాక మిగిలే గడ్డి మట్టిలో కలిసిపోతుంది.

కుచ్చు దొరక్కపోతే, పళ్లెం లేకుండా చిన్న కన్నాలు, పొట్టి పుల్లలు ఉన్న గొట్టం ఫీడర్ తీసుకోండి. అందులో సజ్జలు, కొర్రలు, నూకలు చాలు. సాయంత్రానికి అయిపోయేంతే పోయాలి. కింద రాలినవి ఊడవకపోతే ఎలుకలొస్తాయి. చిప్స్, మిక్చర్, మెస్‌లో మిగిలిన పులిహోర అస్సలు వద్దు, ఆ ఉప్పు వాటికి పడదు. బ్రెడ్డుతో కడుపు నిండుతుందే కానీ బలం రాదు.

ఇంకోటి, శుభ్రత. బ్రిటన్‌లో 2005 తర్వాత ట్రైకోమొనోసిస్ అనే గొంతు జబ్బుతో గ్రీన్‌ఫించ్ పక్షులు భారీగా తగ్గిపోయాయి. ఆ జబ్బు ఎంగిలిపడ్డ తిండి, నీళ్ల ద్వారా అంటుకుంటుంది. అంటే జనం ప్రేమగా పెట్టిన ఫీడర్ల దగ్గరే అది పాకే వీలుంది. అందుకే ఫీడర్‌ని వారానికోసారి కడిగి ఎండబెట్టాలి, మట్టి మూకుడులో నీళ్లు రోజూ మార్చాలి.

'పావురం మాత్రం పక్షి కాదా?' అని మా రూమ్మేట్ అడిగాడు. పక్షే. కానీ మనం పెట్టకపోయినా ఊళ్లో దాని తిండి అది వెతుక్కోగలదు. దాని రెట్టల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మన సరదాకి పక్క రూమ్ వాడు ఇబ్బంది పడటం న్యాయం కాదు కదా!

అసలు గింజలతోనే పని అయిపోదు. పిచ్చుక పిల్లలు మొదటి రోజుల్లో ఎక్కువగా పురుగుల్నే తింటాయి. క్యాంపస్‌లో పొదలన్నీ నరికేసి, లాన్‌కి పురుగుమందు కొట్టి, పైన ఫీడర్ కడితే ఏం లాభం?

మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం అని అందరం స్టేటస్‌లు పెడతాం. మే వచ్చేసరికి ఇళ్లకి వెళ్లిపోతాం. ఎండలు మండే నెలలో మూకుడు ఎండిపోయి ఉంటుంది. సెలవుల్లో ఎవరు చూస్తారో ముందే తేల్చుకోలేకపోతే, అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

అందుకే వార్డెన్ గారికి లెటర్ రాశాను. బాల్కనీల్లో నిషేధం అలాగే ఉంచండి, మెస్ వెనక వేపచెట్టుకి ఒక వరి కుచ్చు, కింద ఒక నీళ్ల మూకుడు పెట్టుకోనివ్వండి అని అడుగుతున్నాను. దానికి సంతకాలు కావాలి, సంతకంతో పాటు ఒక వారం డ్యూటీ కూడా. మొదటి వారం నాది.